డిగ్రీ అయ్యాక ప్రభుత్వ పథకాల తనిఖీ ఉద్యోగంలో చేరొచ్చా?

డిగ్రీ పూర్తయింది, ప్రభుత్వ పథకాలు సరిగ్గా అమలవుతున్నాయో లేదో ఊరూరా తిరిగి చూసే ఉద్యోగానికి అప్లై చేద్దామనుకుంటున్నాను, పరీక్షకు ఏం చదవాలి, ఇంట్లో అమ్మాయివి ఊళ్లు ఎలా తిరుగుతావంటున్నారు అని అడిగారు. నేను ఆ పని నాలుగేళ్లు చేశాను. తప్పకుండా చేరండి. పరీక్షకు ఏం చదవాలో మాత్రం నేను చెప్పలేను. ఆ పనికి రాతపరీక్ష పెట్టడమే తప్పని నా గట్టి నమ్మకం.

నా బీకాం 2011లో అయిపోయింది. అప్పటికి మా అమ్మ ఉపాధి హామీ పనికి వెళ్తోంది. 2006 ఫిబ్రవరి 2న మన్మోహన్ సింగ్ గారు ఆ పథకాన్ని మొదలుపెట్టింది మా అనంతపురం జిల్లా బండ్లపల్లిలోనే. పథకంతో పాటే ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో సామాజిక తనిఖీ, అంటే మీరు అడిగిన ఈ పనే, మొదలైంది. కూలీల ఇళ్లలో చదువుకున్న పిల్లల్ని ఎంచుకుని, మూడు రోజులు శిక్షణ ఇచ్చి, సొంతూరికి కాకుండా వేరే ఊళ్లకు పంపేవాళ్లు. మస్టరు (కూలీల హాజరు పట్టీ) ఎలా చదవాలి, ఎంబీలో (పని కొలతల పుస్తకంలో) రాసిన కొలతను టేపు పట్టి ఎలా సరిచూడాలి, పే స్లిప్పులో ఏ అంకె ఏమిటి, ఇవే పాఠాలు. అన్నిటికంటే ఎక్కువసార్లు చెప్పిన మాట ఒకటుంది. ఊళ్లో ఉపాధి పనులు చూసే ఫీల్డ్ అసిస్టెంట్ ఇంట్లో గానీ, సర్పంచి ఇంట్లో గానీ భోజనం సంగతి అటుంచి టీ కూడా తాగకూడదు. రాత్రి ఆ ఊళ్లోనే, బడిలోనో పంచాయతీ ఆఫీసులోనో పడుకోవాలి. టీ తాగితే ఏమైపోతుందని మా టీములో ఒకబ్బాయి అడిగాడు. రెండో ఊరికల్లా వాడికే అర్థమైంది. మనం ఎవరి అరుగు మీద కూర్చున్నామో ఊరంతా చూస్తుంది. దాన్నిబట్టే మనతో మాట్లాడాలో వద్దో నిర్ణయించుకుంటుంది.

2012 ఎండాకాలంలో జరిగింది చెప్తాను, ఊరి పేరు వద్దు. మొదటి రోజంతా ఇల్లిల్లూ తిరిగి మస్టర్లు చదివాం. ఫీల్డ్ అసిస్టెంటు బండి మీద మా వెనకే వచ్చి, మేం ఏ ఇంటి ముందు ఆగితే ఆ ఇంటి ఎదురుగా నిలబడేవాడు. ఒక్క మాట అనలేదు. అడిగిన ప్రతివాళ్లూ "అంతా బాగానే ఇచ్చినారు" అన్నారు. అరవై దాటిన ఒక అవ్వ కూడా "ఇచ్చినారు పాపా" అంది. చూపు మాత్రం అతని మీదే ఉంది. సాయంత్రానికి నలభై ఇళ్లు తిరిగినా కాగితం మీద రాసుకోవడానికి ఏమీ లేదు. ఆ రాత్రి నాకు టెన్షన్‌తో నిద్ర పట్టలేదు.

తెల్లవారుజామున మొహం కడుక్కోవడానికి బోరింగు దగ్గరికి వెళ్తే అవ్వ అప్పటికే బిందెతో అక్కడుంది. "నిన్న వాడు ఆడ్నే నిలబడుండె గదా పాపా, ఎట్ల చెప్తాం?" అంది. కొంగు కింద నుంచి ఒక పాలిథిన్ కవరు తీసింది. రేషన్ కార్డు, జాబ్ కార్డు, నాలుగు మడతలు పెట్టిన పే స్లిప్పులు 9. బడి వరండాలో వాటిని వరసగా పరిచాను. ఒక్కో స్లిప్పు మీద తేదీ, పని పేరు చదువుతుంటే, ఆ వారం తనకు ఎంత చేతికొచ్చిందో చెప్పడం మొదలుపెట్టింది. తేదీలు ఆమెకు తెలియవు. ఉగాదికి మనవడికి చొక్కా కొన్న వారం 400. మేకకు జబ్బు చేసిన వారం 250. కిరాణా అంగడి బాకీ తీర్చిన వారం 350. ఒక్కచోట కూడా తడుముకోలేదు.

మధ్యలో నా చేతిలోంచి రెండు స్లిప్పులు తీసుకుని పక్కన పెట్టేసింది. "ఇవి నావి కాదు. ఆ రెండు వారాలూ నేను కూతురి కాన్పుకని హిందూపురం పోయింటి." ఆ వారాల మస్టరులో ఆమె పేరు ఎదురుగా వేలిముద్ర ఉంది. ఎవరి వేలో మరి. ఆ రెండూ కలిపితే 1,014 రూపాయలు. ఆ డబ్బూ నాకు రావాలని ఆమె అడిగుంటే కాదనడానికి ఆ నిమిషంలో నా దగ్గర ఏ ఆధారమూ లేదు. మిగిలిన 7 స్లిప్పుల మొత్తం 3,372. అవ్వ చేతికొచ్చినవి 2,300. తేడా 1,072. అప్పుడు రోజు కూలి రేటు 137 అని కాగితం మీద ఉన్నా, కొలతను బట్టి ఆమెకు ఎనభై చిల్లరే పడింది. అంటే దాదాపు 13 రోజులు ఆ ఎండలో మట్టి మోసిన డబ్బు. తెల్లారేలోపు ఇంకో ఆరుగురు ఆడవాళ్లు కవర్లు పట్టుకుని వచ్చారు.

వారం తర్వాత మండల కేంద్రంలో ప్రజావేదిక, అంటే తనిఖీలో తేలింది అందరి ముందు చదివే సభ. షామియానా కింద అధికారులు, ఎదురుగా కూలీలు, మైకులో ఊరి పేరు చదవగానే అరుపులు. అవ్వ ఆటోలో వచ్చింది. చదువు రాని మీకు ఏ వారం ఎంత వచ్చిందో ఎలా గుర్తుందమ్మా అని వేదిక మీద ఉన్న ఒక అధికారి అడిగారు. "చదువుకున్నోళ్లు రాసి పెట్టుకుంటారు సామీ, మేం గుర్తు పెట్టుకోకపోతే ఎట్ల?" అంది. ఫీల్డ్ అసిస్టెంటును తీసేయమని, డబ్బు రికవరీ చేసి కూలీలకు ఇవ్వమని అక్కడే చెప్పారు. చప్పట్లు కొట్టాం.

నాలుగు నెలల తర్వాత వేరే ఊరికి పోతూ ఆ ఊళ్లో దిగాను. డబ్బు రాలేదు. పైగా వాళ్ల గ్రూపుకు నెల రోజులు పనే ఇవ్వలేదట. "నువ్వు పోయినావు, మేం ఈడ్నే ఉండాల గదా" అంది అవ్వ. నన్ను నిష్ఠూరమాడలేదు. మజ్జిగ ఇచ్చి, కూర్చోమని పీట వేసింది. మండలాఫీసుకు మూడుసార్లు తిరిగాను. రికవరీ మీ పని కాదు, మీరు తనిఖీ చేసి రిపోర్టు ఇవ్వడం వరకే అన్నారు. నేను ఆ ఉద్యోగం మానేసే నాటికి కూడా ఆ 1,072 ఆమెకు చేరలేదు.

అందుకే ఇప్పుడు ఎక్కడ ఇలాంటి నోటిఫికేషన్ చూసినా నాకు ఒళ్లు మండుతుంది. వందల మందిని తీసుకుంటాం, ఇన్ని ఊళ్లు తనిఖీ చేయిస్తాం అని రాస్తారు. దొరికిన తప్పులో ఎంత డబ్బు కూలీ చేతికి తిరిగొచ్చిందో ఎవరు చూస్తారన్నది రాయరు. నిబంధనలకు లోటు లేదు. 2005 నాటి ఉపాధి హామీ చట్టంలోనే ఈ తనిఖీ కోసం 17వ సెక్షన్ పెట్టారు, ఆరు నెలలకోసారి తనిఖీ జరగాలని 2011లో కేంద్రం నిబంధనలు తెచ్చింది, 2012లో మన రాష్ట్రం సామాజిక తనిఖీకి ప్రత్యేక చట్టమే చేసింది. ఇక 2023 జనవరి నుంచి పని జరిగే చోట రోజుకు రెండుసార్లు యాప్‌లో కూలీల ఫొటోలు తీయడం తప్పనిసరి చేశారు. అవ్వ ఫొటో ఎన్నిసార్లు తీసినా ఆమె కొంగు కింది కవరు ఆ ఫొటోలో పడదు. ఆ కవరు బయటికి రావాలంటే మనిషి వెళ్లాలి, ఆ ఊళ్లో పడుకోవాలి, తెల్లవారుజామున లేవాలి.

ఇక పరీక్ష. నదులు, రాజధానులు బట్టీ పట్టి మంచి మార్కులతో వచ్చినవాళ్లు మా టీముల్లో ఉండేవారు. మస్టరును ఆఫీసులో చదివినట్టు గబగబా చదివేసి, అభ్యంతరాలు లేవని రాసుకుని లేచిపోయేవాళ్లు. కూలి డబ్బు ఒక వారం ఆలస్యమైతే ఇంట్లో ఏమవుతుందో తెలిసిన పిల్లలు మాత్రం లేచేవాళ్లు కాదు. నన్ను అడిగితే అలాంటి ఇళ్ల నుంచే ముందు తీసుకోవాలి. డిగ్రీ ఉంటే లెక్కలు కూడటానికి పనికొస్తుంది. మిమ్మల్ని ఇంటర్వ్యూకు పిలిస్తే మీరే రెండు ప్రశ్నలు అడగండి. రికవరీ అయిందో లేదో చూడటానికి మూడు నెలల తర్వాత మమ్మల్నే ఆ ఊరికి మళ్లీ పంపుతారా? మాతో మాట్లాడినవాళ్లకు పని ఆపేస్తే ఎవరికి చెప్పాలి? వాళ్లు జవాబు చెప్పలేకపోయినా చేరండి, అడగడం మాత్రం ఆపకండి.

అమ్మాయిలకు ఇబ్బందా అన్నారు. బాత్రూముల ఇబ్బంది నిజం, అది దాచను. రాత్రుళ్లు ఎప్పుడూ ఇద్దరు ముగ్గురం ఆడపిల్లలం కలిసే పడుకున్నాం, ఎస్సీ కాలనీ ఆడవాళ్లు మాకు తోడుండేవాళ్లు. మా అమ్మ కూడా ముందు ససేమిరా అంది. శిక్షణ మొదటి రోజు సాయంత్రం ఇంటికొచ్చి, నేర్చుకున్నది సరిగ్గా వచ్చిందో లేదో చూసుకుందామని అమ్మ పే స్లిప్పులే ముందేసుకుని చదివాను. రెండు వారాల్లో కలిపి 210 రూపాయలు తక్కువ ఇచ్చారు. అమ్మ ఏమీ మాట్లాడలేదు, వెళ్లి పొయ్యి దగ్గర కూర్చుంది. మర్నాడు పొద్దున నేను బయల్దేరుతుంటే దుప్పటి మడిచి నా సంచిలో పెట్టింది.