జియాలజీ చదివి బోరాన్ కొలుస్తానంటోంది... పంపొచ్చా?

ప్రశ్న: మా అమ్మాయి తిరుపతిలో బీఎస్సీ జియాలజీ చివరి ఏడాది. ఖనిజాల్లో బోరాన్ ఐసోటోపుల మీద పరిశోధన చేస్తానంటోంది. బంధువులు బీఈడీ చేయించమంటున్నారు. ఈ చదువుతో బతుకుదెరువు ఉంటుందా? – ఒక తండ్రి, చిత్తూరు

జవాబు: ఉంటుందండీ. కాకపోతే ఇప్పుడు ఎంచుకోవాల్సింది బోరాన్‌ను కాదు, మంచి ఎమ్మెస్సీని.

అమ్మాయి మనసు దేనిమీద పడిందో ముందు మీకు తెలియాలి. ప్రకృతిలోని బోరాన్‌లో 10 ద్రవ్యరాశి ఉన్న పరమాణువులు సుమారు 20 శాతం, 11 ఉన్నవి 80 శాతం. ఒకే మూలకంలోని ఈ రెండు రకాలనే ఐసోటోపులంటారు. ఈ పాళ్లు చోటును బట్టి కాస్త మారతాయి. ప్రామాణిక నమూనాతో పోలిస్తే సముద్రపు నీటిలో బరువైన బోరాన్ వెయ్యికి దాదాపు 40 ఎక్కువ, ఖండాల రాళ్లలో సగటున 10 తక్కువ. గూడూరు అభ్రకం గనుల వైపు నల్లగా దొరికే టూర్మలిన్ అనే ఖనిజంలో బోరాన్ పుష్కలం. అది అంత తేలిగ్గా శిథిలం కాదు. అందులోని పాళ్లను కొలిస్తే, ఆ ఖనిజాన్ని పుట్టించిన ద్రవం గ్రానైట్ శిలాద్రవం నుంచి వచ్చిందా, సముద్రపు నీటి నుంచా అన్నది చాలావరకు తేలుతుంది. బంగారు నిక్షేపాల పుట్టుక వెతికేవాళ్లూ ఈ పద్ధతి వాడతారు.

కొలవడమే కష్టం. ల్యాబుల్లో వాడే గాజులోనే బోరాన్ ఉంటుంది కాబట్టి టెఫ్లాన్ పాత్రలు వాడాలి. ఆమ్ల ద్రావణాన్ని ఇగరబెడితే బోరాన్ ఎగిరిపోతుంది, అందుకని మానిటాల్ కలుపుతారు. ఇంత జాగ్రత్తగా పనిచేయడం, పరమాణువులను బరువును బట్టి విడదీసి కొలిచే మాస్ స్పెక్ట్రోమీటర్ నడపడం వచ్చినవాళ్లకు స్ట్రాన్షియం, సీసం లాంటి మూలకాల పనీ అందుతుంది. నేను ధైర్యంగా పంపమనేది ఇందుకే.

ఐఐటీల్లో ఎమ్మెస్సీకి ఫిబ్రవరిలో జరిగే జామ్ ప్రవేశ పరీక్షలో జియాలజీ పేపర్ రాయాలి. ఎస్వీ యూనివర్సిటీలోనూ జియాలజీ విభాగం ఉంది. తర్వాత సీఎస్ఐఆర్ నెట్ పరీక్షలో జేఆర్ఎఫ్ (జూనియర్ రీసెర్చ్ ఫెలోషిప్) వస్తే మొదట్లో నెలకు 37,000 రూపాయల ఫెలోషిప్. పరిశోధన వద్దనుకుంటే యూపీఎస్సీ జియో సైంటిస్ట్ పరీక్ష రాసి జీఎస్ఐలో (జియలాజికల్ సర్వే ఆఫ్ ఇండియా) చేరొచ్చు. దానికీ ఎమ్మెస్సీ కావాలి.

ఒక్క మాట దాచను. పీహెచ్‌డీ అయ్యేసరికి ఇంకో ఏడెనిమిదేళ్లు పట్టొచ్చు. మధ్యలో పెళ్లి మాట వస్తుంది. చదువు ఆపకూడదని ఇంట్లో ఇప్పుడే గట్టిగా అనుకోండి. బీఈడీ కావాలంటే తర్వాతైనా చేసుకోవచ్చు.

ఈలోగా కెమిస్ట్రీ, లెక్కలు వదలొద్దనండి. తిరుపతిలోని ఐసర్ అనే కేంద్ర విజ్ఞాన విద్యాసంస్థలో భూ, వాతావరణ శాస్త్రాల విభాగం ఉంది. సెలవుల్లో ప్రాజెక్టుకు అవకాశముందేమో అక్కడి అధ్యాపకులకు తననే రాయమనండి.