ఫోన్ల కంపెనీ కారు, మీ రెండెకరాల చెలక

ప్రశ్న: మా బాబు ఇంటర్ ఎంపీసీ పాసయ్యాడు. ఎప్‌సెట్‌లో ర్యాంకు 40 వేలు దాటింది. ఫోన్ల కంపెనీలే కార్లు చేస్తున్నాయని, ఎలక్ట్రిక్ వెహికల్స్ కోర్సులోనే చేరతానని మొండికేస్తున్నాడు. రెండెకరాలు అమ్మి సీఎస్ఈ (కంప్యూటర్ సైన్స్) మేనేజ్‌మెంట్ సీటు కొందామని నా ఆలోచన. ఫోన్ల కంపెనీల కార్లు నిలబడతాయా? ఏ కోర్సు మేలు?
– ఒక తండ్రి, దేవరకొండ

జవాబు: ముందు చెలక సంగతి. అమ్మకండి. పక్కింటి అబ్బాయి హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ చేస్తున్నాడనే కదా మీ టెన్షన్? మీవాడికి కోడింగ్ ఇష్టమని ఉత్తరంలో ఒక్క ముక్క లేదు. ఎకరాల లెక్క మాత్రం ఉంది. కోపం తెచ్చుకోకండి అన్నా, ఏటా జూన్‌లో ఇలాంటి ఉత్తరాలు చదివీ చదివీ అంటున్నాను.

ఇక బాబు మోజు. ఆపిల్ దాదాపు పదేళ్లు కారు మీద పనిచేసి, ఒక్క బండీ బయటికి చూపకుండానే 2024 ఫిబ్రవరిలో చేతులెత్తేసింది. వ్యాక్యూమ్ క్లీనర్ల డైసన్ 2019లోనే మానుకుంది. షావోమీ మాత్రం 2021లో ప్రకటించి 2024లో ఎస్‌యూ7 అనే కారును రోడ్డెక్కించింది. అంటే అసాధ్యమేం కాదు. అయినా ఫోన్ హ్యాంగైతే ఆపి మళ్లీ ఆన్ చేస్తాం. డిండి రోడ్డు మీద బ్రేకు పడకపోతే ఏం చేస్తాం? కారు పదేళ్లు నడవాలి, ఊరూరా సర్వీసు దొరకాలి, స్పేర్ పార్టులు ఉండాలి. నన్నడిగితే చాలా ఫోన్ల కంపెనీలు ఇందులో దిగకపోవడమే మంచిది. తెర, సాఫ్ట్‌వేర్ చేసి కార్ల కంపెనీలకు అమ్ముకోవచ్చు.

చైనా కార్ల కంపెనీ బీవైడీ కథ వేరు. ఫోన్ల బ్యాటరీలు చేస్తూ ఎదిగి, 2003లో ఒక కార్ల కంపెనీని కొని ఇటు వచ్చింది. దానికి బ్యాటరీ గుట్టు ముందే తెలుసు. పేరు కాదు, లోపలి పని తెలియడమే ముఖ్యం.

అందుకే కోర్సు పేరులో ‘ఎలక్ట్రిక్ వెహికల్స్’ ఉందని చేరడం నాకు నచ్చదు. కొత్త బోర్డు పెట్టిన కాలేజీల్లో మోటారు విప్పి చూపే ల్యాబ్, నేర్పే సారు ఉన్నారో లేదో వెళ్లి చూడండి. ట్రిపుల్ ఈ (ఎలక్ట్రికల్ అండ్ ఎలక్ట్రానిక్స్ ఇంజినీరింగ్) తీసుకుంటే మోటార్లు, పవర్ ఎలక్ట్రానిక్స్ అందులోనే వస్తాయి. కార్ల గాలి తగ్గినా కరెంటు, సోలార్, ఫ్యాక్టరీల దారి ఉంటుంది. మహబూబ్‌నగర్ దగ్గర దివిటిపల్లిలో అమరరాజా లిథియం బ్యాటరీల ప్లాంటుకు 2023లో పునాది వేశారు. ఉద్యోగం అక్కడే వస్తుందని చెప్పను గానీ, ఈ పని మన గడపదాకా వచ్చిందన్నది నిజం. 40 వేల ర్యాంకుకు కన్వీనర్ కోటాలో ట్రిపుల్ ఈ దొరకడం పెద్ద కష్టమేమీ కాదు. కాబట్టి నిద్రపోండి.

సీఎస్ఈతో పోల్చమన్నారు. వాడికి కోడింగ్ ఇష్టమైతే అదీ మంచిదే. ఇష్టం లేకపోతే పోల్చడానికి ఏముంది?

ఆప్షన్లు పెట్టేలోపు వాణ్ని ఒకరోజు ఎలక్ట్రిక్ ఆటోలు బాగుచేసే షెడ్డులో కూర్చోబెట్టండి. బ్యాటరీ విప్పుతుంటే మెకానిక్‌ను ప్రశ్నలతో విసిగిస్తే ట్రిపుల్ ఈ పెట్టించండి. మూలన కూర్చుని ఫోన్ చూసుకుంటే నాకు మళ్లీ రాయండి.