డిప్లాయ్ సక్సెస్ అని వచ్చినా డిఫాల్ట్ పేజీయే కనిపిస్తుంటే

వీఎస్ కోడ్ ఎడిటర్‌లోని అజూర్ యాప్ సర్వీస్ (మైక్రోసాఫ్ట్ క్లౌడ్‌లో వెబ్ యాప్‌లు నడిపే సేవ) ఎక్స్‌టెన్షన్‌తో మీ ఫ్లాస్క్ యాప్‌ను (పైథాన్‌లో రాసిన వెబ్ యాప్‌ను) లైనక్స్ సర్వర్ మీదికి పంపితే, అంటే డిప్లాయ్ చేస్తే, డిప్లాయ్ అయిందని చెప్పి కూడా సైట్‌లో అజూర్ డిఫాల్ట్ పేజీయే చూపిస్తోందన్నారు. టెన్షన్ పడకండి, మీ కోడ్ సర్వర్‌లోనే ఉంది. దాన్ని ఎలా మొదలుపెట్టాలో సర్వర్‌కు తెలియడం లేదు, అంతే.

ఫ్లాస్క్ యాప్ అయితే యాప్ సర్వీస్ ముందుగా 'యాప్ డాట్ పై' (app.py) లేదా 'అప్లికేషన్ డాట్ పై' (application.py) అనే ఫైల్ కోసం వెతుకుతుంది. మీ యాప్ ఉన్న ఫైల్ పేరేమో 'మెయిన్ డాట్ పై' (main.py). అది దొరక్క డిఫాల్ట్ పేజీ పెట్టేస్తుంది. ఫైల్ పేరు 'యాప్ డాట్ పై' అని మార్చి, లోపల ఫ్లాస్క్ ఆబ్జెక్ట్‌కు కూడా 'యాప్' (app) అనే పేరే ఉంచి మళ్లీ డిప్లాయ్ చేయండి. నా ఓటు దీనికే. పేరు మార్చడం కుదరకపోతే అజూర్ పోర్టల్ వెబ్‌సైట్‌లో ఆ యాప్ కాన్ఫిగరేషన్‌లోకి వెళ్లి, స్టార్టప్ కమాండ్ దగ్గర గునికార్న్ (పైథాన్ యాప్‌ను సర్వర్‌లో నడిపే ప్రోగ్రామ్) కమాండ్‌లో మీ ఫైల్ పేరు, కోలన్, ఆబ్జెక్ట్ పేరు ఇచ్చి సేవ్ చేయండి.

ఆ తర్వాత డిఫాల్ట్ పేజీ పోయి అప్లికేషన్ ఎర్రర్ వస్తే, ఎక్స్‌టెన్షన్‌లో యాప్ మీద రైట్ క్లిక్ చేసి లాగ్ స్ట్రీమింగ్ (సర్వర్ రాసే సందేశాలు ఎప్పటికప్పుడు చూడటం) మొదలుపెట్టండి. 'మాడ్యూల్ నాట్ ఫౌండ్' అని ఉంటే ప్యాకేజీలు ఇన్‌స్టాల్ కాలేదన్నమాట. కావాల్సిన ప్యాకేజీల జాబితా ఉండే రిక్వైర్‌మెంట్స్ ఫైల్ (requirements.txt) ప్రాజెక్ట్ రూట్ ఫోల్డర్‌లోనే (అన్నిటికంటే పై ఫోల్డర్‌లోనే) ఉందో లేదో చూడండి.

డేటాబేస్ పాస్‌వర్డ్‌ను మాత్రం దయచేసి కోడ్‌లో పెట్టి పంపకండి. ఎక్స్‌టెన్షన్‌లోనే అప్లికేషన్ సెట్టింగ్స్ కింద చేర్చితే, యాప్‌కు అది ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్‌గా (కోడ్ బయట ఉంచి, యాప్ నడిచేటప్పుడు చదివే విలువగా) అందుతుంది.