ఎముకల పేర్లు వల్లె వేసే ముందు

చి. మనవరాలికి తాతయ్య ఆశీస్సులు.

అనాటమీలో (శరీర నిర్మాణ శాస్త్రంలో) వచ్చే పేర్లకు నోరు తిరగడం లేదనీ, రాత్రి చదివినవి తెల్లారేసరికి గుర్తుండడం లేదనీ రాశావు. నేను ఇన్నేళ్లు ఆ పాఠమే చెప్పాను కాబట్టి నా మాట విను. గ్రీకులు, రోమన్లు ఆ పేర్లను ఎక్కడి నుంచో తేలేదు. తమ ఇంట్లో ఉన్న వస్తువుల పేర్లే ఒంటికి తగిలించారు. పేరు వల్లించే ముందు అది ఏ వస్తువో కనుక్కో.

తుంటి ఎముక చేతిలోకి తీసుకో. తొడ ఎముక తల వచ్చి కూర్చునే గుంట ఎసిటాబ్యులమ్. రోమన్లు భోజనాల దగ్గర వెనిగర్ పోసుకునే చిన్న గిన్నె అది. బొటనవేలితో అంచంతా తడుము, కింది వైపు ఒక గండి తగులుతుంది. వైవాలో, అంటే నోటి పరీక్షలో, దాన్ని తప్పకుండా అడుగుతారు. తర్వాత మోకాలి కింద ఉండే రెండు ఎముకలు, టిబియా, ఫిబ్యులా పక్కపక్కన పెట్టు. టిబియా అంటే పిల్లనగ్రోవి. ఫిబ్యులా బట్టలకు గుచ్చుకునే పిన్నీసు; రెండూ కలిపి చూస్తే ఆ సన్నటి ఎముక పిన్నీసు సూదిలాగే ఉంటుంది. చిన్నపేగు మొదటి భాగం డుయోడినమ్; ఆ పేరుకు అర్థం పన్నెండు, అంటే దాని పొడవు పన్నెండు వేళ్ల వెడల్పంత. నాలుగు వేళ్లు మూడుసార్లు బల్ల మీద ఆనించి కొలువు. పుస్తకంలో 25 సెంటీమీటర్లని ఉంటుంది, నీ వేళ్లు సన్నం కాబట్టి కొంత తగ్గుతుంది.

ప్యూపిల్ గురించి నీకు చెప్పనక్కర్లేదు. లాటిన్‌లో అది చిన్న బొమ్మ, ఎదుటివాళ్ల కంట్లో కనిపించే మన బుల్లి రూపం. మనమూ కంటిపాప అనే అంటున్నాం.

 

ఒక్క జాగ్రత్త. పేరు చెప్పే అర్థాన్నే అవయవం చేసే పనిగా రాసేయకు. శవాల్లో ఆర్టరీలు (ధమనులు) ఖాళీగా కనిపించేసరికి అవి గాలి మోస్తాయని గ్రీకులు అనుకున్నారు, శ్వాసనాళానికి వాడే మాటనే వాటికీ పెట్టారు. క్రీ.శ. 2వ శతాబ్దంలో గాలెన్ అనే వైద్యుడు జంతువుల మీద పరీక్షించి వాటిలో ఉన్నది రక్తమేనని చూపించాడు. పేరు మాత్రం ఇప్పటికీ అదే. అందుకే నోట్సులో బొమ్మ పక్కన వస్తువు పేరు ఒక చోట, చేసే పని వేరే చోట రాసుకో.

పుర్రె జోలికి ఇప్పుడే వెళ్లకు. కాళ్లూ చేతులూ పూర్తయ్యాక ఫోను చెయ్యి, మొదలుపెడదాం.

తాతయ్య