టెక్ సందేహాలు: ఫ్యాన్ ఫిక్షన్‌కి కొత్తా? మొహమాటపడకుండా అడగండి

ప్రశ్న: డిగ్రీ రెండో ఏడాది చదువుతున్నాను. ఇష్టమైన సినిమాల్లో, నవలల్లో ఉన్న పాత్రలతో అభిమానులు సొంతంగా అల్లే కథలు, అంటే ఫ్యాన్ ఫిక్షన్, ఏడాదిగా ఫోన్‌లో చదువుతున్నాను. ఇప్పుడు నాకూ రాయాలనుంది. అలాంటి కథలు పెట్టే ఆర్కైవ్ ఆఫ్ అవర్ ఓన్ సైట్‌లో అకౌంట్ తెరవబోతే ఇన్విటేషన్ కావాలంటోంది. ట్యాగులు, రేటింగులు, వార్నింగులు చూస్తే బుర్ర తిరిగిపోతోంది. ఎవరినైనా అడుగుదామంటే ‘ఇది కూడా తెలీదా’ అంటారేమోనని టెన్షన్. ఇంకొకరి పాత్రలతో రాయడం తప్పా? అసలు పేరుతో రాయాలా?
– ఒక పాఠకురాలు, గాజువాక, విశాఖపట్నం

జవాబు: ముందుగా మీకు స్వాగతం. ఏడాదిగా చదువుతున్నారంటే ఇప్పటికే సగం లోపలికి వచ్చేసినట్టే. ఇక మొహమాటం సంగతి. ఇక్కడి పద్ధతులు ఏ బడిలోనూ చెప్పరు. పాతవాళ్లంతా ఒకరినొకరు అడిగి నేర్చుకున్నవాళ్లే. కాబట్టి నిక్షేపంగా అడగండి. ఎవరైనా విసుక్కుంటే వాళ్లని వదిలేసి ఇంకొకరిని అడగండి, చెప్పేవాళ్లు తప్పకుండా దొరుకుతారు.

ఇన్విటేషన్ అంటే ఎవరి సిఫార్సో కావాలని కాదు. అందరూ ఏఓ3 అని పిలిచే ఈ ఆర్కైవ్‌ను ఆర్గనైజేషన్ ఫర్ ట్రాన్స్‌ఫర్మేటివ్ వర్క్స్ అనే లాభాపేక్ష లేని సంస్థ నడుపుతోంది. అభిమానులే 2007లో ఆ సంస్థను పెట్టుకున్నారు. ఆర్కైవ్ 2009లో అందరికీ అందుబాటులోకి వచ్చింది. ప్రకటనలు ఉండవు. విరాళాలతో, వాలంటీర్ల పనితో నడుస్తుంది. జనం ఒక్కసారిగా వచ్చిపడకుండా కొత్త అకౌంట్లను వరుసలో ఇస్తారు, అంతే. ఇన్విటేషన్ కోరే పేజీలో మీ ఈమెయిల్ ఇచ్చి క్యూలో చేరండి. మీ వంతు రాగానే లింకు మెయిల్‌కి వస్తుంది, స్పామ్ ఫోల్డర్ కూడా చూస్తుండండి. డబ్బులిస్తే ఇన్విటేషన్ ఇప్పిస్తామని ఎవరైనా అంటే నమ్మకండి, అది పూర్తిగా ఉచితం. అన్నట్టు, ఏఓ3కి సొంత యాప్ లేదు. ఆ పేరుతో కనిపించే యాప్‌లు వేరేవాళ్లు చేసినవి. వాటిలో మీ పాస్‌వర్డ్ కొట్టొద్దు, ఫోన్‌లోని బ్రౌజర్‌లోనే తెరవండి. ఈలోగా చదవడానికి, నచ్చిన కథకి ‘కుడోస్’ (లైక్ లాంటిది) నొక్కడానికి అకౌంట్ అక్కర్లేదు.

ట్యాగుల దగ్గర, అంటే కథలో ఏముందో ముందే చెప్పే గుర్తుల దగ్గర, కొంచెం నిదానంగా వెళ్దాం, కొత్తవాళ్లు ఎక్కువగా తడబడేది అక్కడే. రేటింగ్ మన సినిమాల సెన్సార్ సర్టిఫికెట్ లాంటిది. జనరల్ అంటే ఎవరైనా చదవొచ్చు. టీన్, మెచ్యూర్, ఎక్స్‌ప్లిసిట్ అంటూ వరుసగా ఘాటు పెరుగుతుంది. రేటింగ్ ఇవ్వకుండా వదిలేసే వీలూ ఉంది. వార్నింగుల్లో తీవ్రమైన హింస, ముఖ్య పాత్ర మరణం, అత్యాచారం, మైనర్లతో లైంగిక విషయాలు ఉంటాయి. ఇవేవీ కథలో లేకపోతే ‘వర్తించవు’ అన్నది ఎంచుకోండి. ఇంకొకటి ఉంది: రచయిత వార్నింగ్ ఇవ్వదలచుకోలేదు అని. దాన్ని చూసి కథలో ఏమీ లేదనుకోకండి, అందులో ఏదైనా ఉండొచ్చు. చదివేటప్పుడు కూడా ఇది గుర్తుంచుకోండి.

ఇప్పుడు అందరూ పొరబడే చిన్న గుర్తు. రెండు పాత్రల పేర్ల మధ్య ఏటవాలు గీత (/) పెడితే వాళ్లిద్దరి మధ్య ప్రేమో శారీరక సంబంధమో ఉందని అర్థం. ‘&’ పెడితే స్నేహం, కుటుంబ బంధం, శత్రుత్వం లాంటివి. అన్నదమ్ముల అనుబంధం మీద ముచ్చటగా కథ రాసి, తెలియక గీత పెట్టారనుకోండి, మీరు కోరుకున్న పాఠకులు దాన్ని తెరవరు. తెరిచినవాళ్లు వేరే కథ కోసం వచ్చి ఉంటారు. పబ్లిష్ చేసే ముందు ఈ ఒక్క వరుస రెండుసార్లు చూసుకోండి. తక్కిన ట్యాగుల్లో చిన్న తప్పులు దొర్లినా కంగారు లేదు, తర్వాత ఎప్పుడైనా మార్చుకోవచ్చు. ఒకే అర్థమున్న ట్యాగుల్ని కలిపి సర్దడానికి అక్కడ ప్రత్యేకంగా వాలంటీర్లున్నారు.

కథను నేరుగా ఏఓ3 పెట్టెలో టైప్ చేయకండి. అక్కడ డ్రాఫ్ట్‌గా దాచింది నెల రోజుల తర్వాత దానంతటదే చెరిగిపోతుంది. గూగుల్ డాక్స్‌లో రాసుకుంటే పాత వెర్షన్లు కూడా ఉంటాయి. తెలుగులో రాయాలనుకుంటే గూగుల్ వాళ్ల కీబోర్డ్ యాప్ జీబోర్డ్‌లో తెలుగు చేర్చుకోండి, ఇంగ్లిష్ అక్షరాలతో కొట్టినా తెలుగులో వస్తుంది. తెలుగులోనే రాయమని నా కోరిక కూడా. ఇంగ్లిష్‌లో రాసేవాళ్లు కోకొల్లలు. మన యాసలో మాట్లాడే పాత్రల్ని మీలాంటివాళ్లు తప్ప ఎవరు రాస్తారు?

తప్పా అని అడిగారు. అభిమానంతో రాయడం తప్పని నేను అనుకోను. కానీ చట్టం సంగతి తెలిసి ఉండాలి. మన 1957 కాపీరైట్ చట్టంలో ఫ్యాన్ ఫిక్షన్‌కంటూ ప్రత్యేక మినహాయింపు లేదు. రచనల మీద హక్కు రచయిత జీవితకాలం, ఆ తర్వాత మరో 60 ఏళ్లు ఉంటుంది. అందుకే ఈ కథలతో డబ్బు జోలికి పోకండి. ఏఓ3 అయితే కథల కింద విరాళాల లింకులు పెట్టడాన్ని కూడా ఒప్పుకోదు. మూల కథ ఎవరిదో మొదట్లోనే చెప్పండి, సినిమాలోని డైలాగులు పేజీలకు పేజీలు ఎత్తి రాయకండి. ఇంకొక మాట: పాత్రల మీద రాయండి, ఆ పాత్ర వేసిన నటుల సొంత జీవితం మీద వద్దు. కొన్ని సైట్లు దాన్ని అనుమతిస్తాయి, నేను మాత్రం వద్దనే అంటాను. వాళ్లకీ ఇల్లూ కుటుంబం ఉన్నాయి.

అసలు పేరు అక్కర్లేదు. కలం పేరుతో రాయడం ఇక్కడ మామూలు విషయం. దీనికోసం వేరే ఈమెయిల్ పెట్టుకోండి. ప్రొఫైల్‌లో కాలేజీ పేరు, మీ వీధి కనిపించే ఫొటో పెట్టకండి. ‘వైజాగ్ అమ్మాయిని’ అన్నంతవరకు ఫర్వాలేదు, రోజూ ఏ బస్సు ఎక్కుతారో చెప్పక్కర్లేదు. ఇంట్లో అందరికీ చెప్పకపోయినా, అక్కకో స్నేహితురాలికో ఒక్కరికి చెప్పి ఉంచండి. రేపు ఎవరైనా వేధిస్తే పక్కన ఒక మనిషి ఉండాలి.

మొదటి కథ పెట్టగానే ఇలాంటి కామెంట్ రావొచ్చు: ‘మీ కథ అద్భుతం, నేను ఆర్టిస్టుని, దీన్ని కామిక్‌గా గీస్తాను, డిస్కార్డ్‌లో మాట్లాడుకుందాం.’ డిస్కార్డ్ అంటే ఒక చాటింగ్ యాప్. మొదటి పొగడ్త కదా, మనసు ఆగదు. కానీ అందులో మీ పాత్ర పేరు ఉందా? ఏ సన్నివేశం నచ్చిందో చెప్పారా? లేకపోతే అదే మాట వందమందికి పంపుతున్నారన్నమాట, తర్వాత అడ్వాన్స్ అడుగుతారు. జవాబివ్వకుండా స్పామ్ అని రిపోర్ట్ చేయండి. పొరపాటున డబ్బు పంపి ఉంటే ఆలస్యం చేయకుండా సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి.

ప్రశ్న: రిటైర్డ్ టీచర్‌ని. చిన్నప్పుడు ఎంతో ఇష్టపడిన డిటెక్టివ్ పాత్ర మీద ఎప్పుడో కొత్త కథలు రాసి డీటీపీ చేయించాను. మనవరాలు వాటిని ఆన్‌లైన్‌లో పెడతానంటోంది. ఫైలు తెరిచి కాపీ చేస్తే తెలుగు బదులు అర్థంలేని ఇంగ్లిష్ అక్షరాలు వస్తున్నాయి.
– ఒక పాఠకుడు, సీతమ్మధార

జవాబు: మాస్టారూ, మీ ఫైలు పాడవలేదు. డీటీపీ సెంటర్లలో ఎక్కువగా వాడిన అను ఫాంట్లు పాత పద్ధతివి, ఇప్పుడు అన్ని ఫోన్లకీ కంప్యూటర్లకీ అర్థమయ్యే యూనికోడ్ అనే ఉమ్మడి పద్ధతివి కావు. అందులో తెలుగు అక్షరం ఆకారం మాత్రమే కనిపిస్తుంది, లోపల నిల్వ ఉండేది ఇంగ్లిష్ అక్షరాల కోడే. ఆ ఫాంట్ లేని చోట లోపలిది బయటపడుతుంది. అను నుంచి యూనికోడ్‌కి మార్చే ఉచిత కన్వర్టర్లు ఆన్‌లైన్‌లో దొరుకుతాయి. ఒకేసారి మొత్తం కాకుండా రెండు మూడు పేజీల చొప్పున మార్చమని మనవరాలికి చెప్పండి. మార్చాక ఒత్తులు, సున్నాలు, కొటేషన్ గుర్తులు తప్పకుండా సరిచూడాలి, తప్పులు వచ్చేది అక్కడే. ప్రింటు మీ చేతిలో పెట్టుకుని ఆ అమ్మాయి పైకి చదువుతుంటే పని త్వరగా అవుతుంది. పేజీలు ఫొటో తీసి పెట్టే ఆలోచన మాత్రం వద్దు. ఫొటోలోని మాటలు వెతికితే దొరకవు, చూపు లేనివాళ్లకి ఫోన్ చదివి వినిపించడమూ కష్టం.

ఈ వయసులో మీరు రావడం నాకు చాలా సంతోషంగా ఉంది. కథ మొదట్లో అది ఏ కాలంలో రాసిందో ఒక వాక్యం పెట్టండి, కుర్రాళ్లు ఆసక్తిగా చదువుతారు.

ప్రశ్న: తెలుగు ఫ్యాన్ ఫిక్షన్ రాసేవాళ్ల వాట్సాప్ గ్రూపు నడుపుతున్నాను. కొత్తవాళ్లు అవే ప్రశ్నలు మళ్లీ మళ్లీ అడుగుతుంటే పాతవాళ్లు విసుక్కుంటున్నారు. కొందరు చేరిన రోజే వెళ్లిపోతున్నారు. ఏం చేయాలి?
– ఒక పాఠకుడు, మధురవాడ

జవాబు: పాతవాళ్ల విసుగు అర్థమవుతుంది. కానీ కొత్తవాళ్లు వెళ్లిపోతే నష్టం గ్రూపుకే. తరచూ వచ్చే ప్రశ్నలకి జవాబులు ఒకే మెసేజ్‌లో రాసి పిన్ చేయండి. అయితే పిన్ చేశాం కదా అని ‘పైన చూడు’ అనొద్దు. ‘రండి, మీ ప్రశ్నకి జవాబు అక్కడ రెండో పేరాలో ఉంది, ఇంకా సందేహముంటే అడగండి’ అనడానికి పది సెకన్లు చాలు. ఆ పనికి వారానికొకరిని పెట్టుకుంటే ఎవరికీ భారం కాదు. చేరినవాళ్లని ‘ఎక్కడుంటారు, ఏం చేస్తారు’ అని అడక్కండి, ఏం చదువుతారో అడగండి. కొత్త రచయిత మొదటి కథకి ఎవరో ఒకరు కచ్చితంగా జవాబివ్వాలి. ‘సూపర్’ అని వదిలేయకుండా, నచ్చిన వాక్యం ఒకటి కాపీ చేసి చూపించాలి.

వాళ్లు చేరిన రోజే వెళ్లిపోవడానికి ఇంకో కారణం ఉండొచ్చు. వాట్సాప్ గ్రూపులో చేరగానే ఫోన్ నంబర్ మిగతా సభ్యులందరికీ కనిపిస్తుంది. కలం పేరుతో రాసే అమ్మాయికి అది పెద్ద ఇబ్బంది, ఆ మాట మీతో అనలేక వెళ్లిపోతుంది. గ్రూపును డిస్కార్డ్‌కో టెలిగ్రామ్‌కో మార్చండి. డిస్కార్డ్‌లో యూజర్ నేమ్ తప్ప నంబర్ కనిపించదు. టెలిగ్రామ్ అయితే సెట్టింగ్స్‌లో ప్రైవసీ కింద ఫోన్ నంబర్ దగ్గర ‘నోబడీ’ ఎంచుకుని ఆ తర్వాత చేరమని, ఆహ్వానం పంపే మెసేజ్‌లోనే రాయండి.