ఎలుకల మందు తిన్నా హుషారుగానే ఉంది... ఆసుపత్రికి వెళ్లాలా?

ప్రశ్న: మా లాబ్రడార్‌కి ఏడాది. నిన్న రాత్రి గ్యాస్ బండ వెనక పెట్టిన ఎలుకల మందు బిళ్ల తినేసింది. వాంతుల్లేవు, పొద్దున పెరుగన్నం కూడా తింది. అయినా తీసుకెళ్లాలా? మా అత్తగారు ఉప్పునీళ్లు పట్టమంటున్నారు.
- ఒక పాఠకురాలు, ఖమ్మం

జవాబు: ఇప్పుడే బయల్దేరండి. ఉప్పునీళ్లు మాత్రం వద్దని అత్తగారికి నెమ్మదిగా చెప్పండి. రక్తంలో ఉప్పు పెరిగితే ఫిట్స్ వస్తాయి, ప్రాణమే పోవచ్చు. పాలు, పచ్చిగుడ్డు విరుగుడు కావు. మందు కవరు చెత్తబుట్టలో ఉన్నా సరే, వెతికి వెంట తీసుకెళ్లండి. దాని మీది పేరును బట్టే వైద్యం.

బ్రోమాడియోలోన్ అని ఉంటే, అది రక్తం గడ్డకట్టడానికి కావలసిన విటమిన్ కె1ను ఒంట్లో తిరిగి పనికి రానివ్వదు. అప్పటికే రక్తంలో ఉన్న గడ్డకట్టించే సరుకు అయిపోయేదాకా పైకి ఏమీ తెలియదు. అందుకే 3 నుంచి 5 రోజులు గంతులేస్తూనే ఉంటుంది. ఆ తర్వాత చిగుళ్లు పాలిపోతాయి, ఆయాసం, నల్లటి విరేచనం. తిన్న తొలి గంటల్లోనైతే డాక్టరు కక్కించేవారు. ఇప్పుడు ఆధారం కె1 మాత్రలే, సాధారణంగా 4 వారాలు. కాస్త కొవ్వున్న తిండితో ఇస్తే బాగా ఒంటబడతాయి. షాపులో కె3 ఇస్తే తీసుకోవద్దు, దీనికి అది పనిచేయదు. కుక్క బాగుందని పదో రోజున మాత్రలు మానేస్తారు చూడండి, కొంప మునిగేది అక్కడే. కోర్సు అయిన 48 గంటలకు పీటీ రక్తపరీక్ష (రక్తం గడ్డకట్టడానికి ఎంతసేపు పడుతుందో చూసేది) చేయించాకే నిశ్చింత.

కవరు మీద జింక్ ఫాస్ఫైడ్ అని ఉంటే (ముదురు బూడిదరంగు పొడి) ఇంకేమీ తినిపించకండి. కడుపులో ఆమ్లం తగిలి విషవాయువు పుడుతుంది, తిండి పెడితే ఆమ్లం ఇంకా ఊరుతుంది. కారు అద్దాలు దించండి. కక్కితే ఆ వాసన మీకూ ప్రమాదమే.

ఇక ఇంట్లో మందు మానేసి బోను పెట్టుకోండి. మందు తిని చచ్చిన ఎలుకను కుక్క తిన్నా ఇదే తంటా.

ప్రశ్న: పిల్లి నోట్లోంచి దారం వేలాడుతోంది. లాగేయొచ్చా?
- ఒక పాఠకుడు, తెనాలి

జవాబు: లాగొద్దు. పిల్లి నాలుక మీది ముళ్లు లోపలికి వంగి ఉంటాయి, నోట పడిన దారాన్ని అది ఉమ్మలేక మింగుతూనే పోతుంది. ఒక కొస నాలుక కింద చుట్టుకుని, రెండోది పేగుల్లోకి దిగి ఉండొచ్చు. లాగితే పేగు కుచ్చిళ్లలా ముడుచుకుంటుంది, దారం రంపంలా కోసేస్తుంది. తిండి పెట్టకుండా ఆసుపత్రికి తీసుకెళ్లండి. ఎక్స్‌రేలో సూది కనిపిస్తుంది గానీ దారం కనిపించదు, స్కానింగ్ అవసరం కావొచ్చు. కుట్టుమిషన్ దారమే కాదు, దేవుడి పటాల నుంచి తీసిన పూలదండ దారం, సంక్రాంతి మాంజా కూడా మూతున్న డబ్బాలోనే వేయండి.

ప్రశ్న: పిల్లికి జ్వరం. పారాసిటమాల్ పావుముక్క వేయొచ్చా?
- ఒక పాఠకురాలు, కాకినాడ

జవాబు: వద్దే వద్దు. ఆ మందును విరిచే శక్తి పిల్లి కాలేయానికి దాదాపు లేదు. చిగుళ్లు గోధుమరంగుకు తిరిగి, మొహం, పాదాలు వాస్తాయి. ఇప్పటికే వేసేసి ఉంటే ఎంత వేశారో, ఎన్నింటికి వేశారో కాగితం మీద రాసుకుని వెంటనే వెళ్లండి. దీనికి విరుగుడు ఉంది, త్వరగా పడాలి.