ముందు జర్మనీ వెళ్లి, తర్వాత నెదర్లాండ్స్‌కి మారొచ్చా?

ప్రశ్న: హైదరాబాద్‌లో జావా డెవలపర్‌ని, వయసు 33. జర్మనీలోని డ్యూసెల్‌డార్ఫ్ నుంచి ఏడాదికి 62 వేల యూరోలు, నెదర్లాండ్స్‌లోని ఐండ్‌హోవెన్ నుంచి 72 వేల యూరోల ఆఫర్లు వచ్చాయి. రెండోదాంట్లో 8 శాతం హాలిడే అలవెన్స్ కలిసే ఉంది. మా ఆవిడా ఉద్యోగస్తురాలే. ముందు జర్మనీలో చేరి, నచ్చకపోతే అటు మారదామనుకుంటున్నాం. సరైనదేనా?

జవాబు: ముందు ఐండ్‌హోవెన్ ఆఫర్ లెటర్ సంగతి చూడండి. అక్కడ నిపుణులైన విదేశీ ఉద్యోగులకిచ్చే హైలీ స్కిల్డ్ మైగ్రెంట్ పర్మిట్‌కి 30 దాటినవాళ్లకి 2025లో నెలకి కనీసం 5,688 యూరోల జీతం ఉండాల్సి వచ్చేది. హాలిడే అలవెన్స్ ఈ లెక్కలోకి రాదు. మీ 72 వేలల్లో అది తీసేస్తే నెలకి 5,556. అంటే 2025 పరిమితికే 132 యూరోలు తక్కువ! దరఖాస్తు పెట్టేది కంపెనీయే కదా, వాళ్లే చూసుకుంటారులే అనుకోకుండా, బేసిక్ పెంచి కొత్త లెటర్ ఇమ్మనండి. ఈ పరిమితి ఏటా జనవరిలో మారుతుంది కాబట్టి ఆలస్యమైతే మళ్లీ లెక్క చూసుకోవాలి.

ఇక మీ ప్లాన్‌లోనే అసలు చిక్కుంది. నెదర్లాండ్స్‌లో విదేశాల నుంచి వచ్చినవాళ్లకి జీతంలో 30 శాతం దాకా అయిదేళ్లపాటు పన్ను లేకుండా ఇవ్వొచ్చు (2027 నుంచి 27 శాతమే). కానీ చేరేముందు 24 నెలల్లో 16 నెలలకి పైగా నెదర్లాండ్స్ సరిహద్దుకి 150 కిలోమీటర్ల అవతల ఉండి ఉండాలి. డ్యూసెల్‌డార్ఫ్ ఆ 150 లోపే. అక్కడ ఏడాది చేసి వెళ్తే రాయితీ పోయినట్టే. బెర్లిన్, మ్యూనిక్ అయితే ఈ గొడవ లేదు. నేరుగా ఐండ్‌హోవెన్‌ వెళ్తే చేరిన నాలుగు నెలల్లోపే ఈ రాయితీకి దరఖాస్తు పెట్టించండి. ఆలస్యమైతే గడిచిన నెలలకి రాదు.

స్థిరపడాలంటే మాత్రం మా ఓటు జర్మనీకే. మీ 62 వేలు బ్లూ కార్డు (డిగ్రీ ఉన్న విదేశీ ఉద్యోగులకిచ్చే పర్మిట్) జీతం పరిమితి (2025లో ఏడాదికి 48,300) దాటాయి. జర్మన్ భాష బీ1 (మధ్యస్థ) స్థాయి వస్తే 21 నెలలకి, ఏ1 (ప్రాథమిక) అయితే 27 నెలలకి పర్మనెంట్ రెసిడెన్సీ. నెదర్లాండ్స్‌లో అయిదేళ్లు ఆగాలి. మీ ఆవిడకి రెండు చోట్లా పని చేసే హక్కు ఉంటుంది. ఇంగ్లిష్‌తోనే ఉద్యోగం దొరకడం మాత్రం ఐండ్‌హోవెన్ వైపే తేలిక.

బ్లూ కార్డుకి మీ డిగ్రీకి జర్మనీలో గుర్తింపు ఉందో లేదో అక్కడి అనాబిన్ డేటాబేస్‌లో చూసుకోవాలి. జేఎన్‌టీయూ అనుబంధ కాలేజీలో చదివితే కాలేజీ పేరుతో కాదు, యూనివర్సిటీ పేరుతో వెతకండి. డ్యూసెల్‌డార్ఫ్ ఇళ్ల ప్రకటనల్లో 'కాల్ట్‌మీటె' (ఉత్త ఇంటి అద్దె) అని ఉంటే అందులో హీటింగ్ కలవదు. అడ్వాన్స్ దానికి మూడు రెట్ల దాకా అడుగుతారు. చాలా ఇళ్లలో వంటగదిలో సింకు కూడా ఉండదు, అద్దె ఒప్పందానికి ముందే అడిగి తెలుసుకోండి.